లోపమేమీ కనబడలేదు

జూన్ 4

ఒరే చిన్నోడా,

అక్క ఉత్తరం రాసిందేమిటి, ఫోన్ గానీ పోగొట్టుకుందా అనుకోకు. ఫోన్ నిక్షేపంలా ఉంది. మా ఇంట్లో ఒక గదిలో గుసగుసలాడినా రెండో గదిలో మీ బావకి వినబడుతుంది. మంచానికి అతుక్కుపోయిన మనిషికి చెవులతోనే కాలక్షేపం. పైగా ఫోన్లో నువ్వు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వవు. అందుకని షాపులో, కళ్లద్దాలు కొనేవాళ్లు లేని వేళ చూసుకుని రాస్తున్నాను. జవాబు కూడా షాపు అడ్రసుకే రాయి.

సంగతి బండి గురించి. నువ్వు దగ్గరుండి ఎంచిపెట్టిన కారు గురించే. అది నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందిరా. దడదడమనదు, దగ్గదు, పొగ రాదు. ఉన్నట్టుండి ఇంజను చప్పుడు పోతుంది, స్టీరింగు రాయిలా బిగుసుకుపోతుంది. మొదటిసారి మార్కెట్ మలుపులో ఆగింది. తర్వాత వంతెన ఎక్కుతుంటే ఆగింది. కాసేపు తిట్టుకుంటూ కూర్చుని తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదులుతుంది.

మీ బావ నిచ్చెన మీంచి పడి తుంటి విరిగాక ఆపరేషన్ దాకా నువ్వే ఉన్నావు. ఆ తర్వాతి సంగతి నీకు సరిగా తెలీదు. ఊరికి ఆ చివర ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను. ఆ కడ్డీలూ యంత్రాలూ అక్కడే ఉన్నాయి, ఇంటికి రావు. ఈ రెండు మూడు నెలలు కాలు కదిపితేనే మళ్లీ నడుస్తారనీ, బిగుసుకుపోయాక తమ చేతుల్లో ఏమీ ఉండదనీ డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. టాక్సీ కూడా ప్రయత్నించాం. ఆయన్ని ఎక్కించుకునే ఓపిక డ్రైవరుకి లేదు. కాలు తలుపుకి తగిలి ఆయన పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. అందుకే ఈ వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను.

సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లాను. పొద్దున్నే లేచి లోపలా బయటా శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చాను. మురికి బండి ఇస్తే అమ్మ పెంపకానికి మాట రాదూ! అక్కడ నేల అద్దంలా ఉంది, కాఫీ మిషన్ ఉంది, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మేనేజర్ ఉన్నాడు. నేనాయనకి నవ్వులాయన అని పేరు పెట్టుకున్నాను. సాయంత్రం బండి కడిగించి, కాళ్ల దగ్గర కొత్త కాగితం పరిచి, తాళం చేతికిచ్చి, "లోపమేమీ కనబడలేదు మేడమ్" అన్నాడు.

వచ్చే నెల మధ్యలో వారంటీ అయిపోతుంది. నువ్వు అదే కంపెనీలో వారంటీ డెస్కులో కూర్చున్నావు కదా. నన్నేం చెయ్యమంటావో చెప్పు.

నీ అక్క


జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం అందింది. నీ చేతిరాత చూసి చాలా కాలమైంది. అక్షరాలు ఇంకా దెబ్బలాటకి వెళ్తున్నట్టే ముందుకి వంగి ఉన్నాయి.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ మేనకోడలికి ముందు పన్ను ఊడింది. ఇప్పుడు ఎవరేం అడిగినా నోరు తెరిచి అదే చూపిస్తోంది.

బండి సంగతి. మా డెస్కుకి ఇలాంటివి రోజూ వస్తాయి. పద్ధతి ఏమిటంటే, లోపం మా మెకానిక్ కళ్ల ముందు జరగాలి, లేదా కంప్యూటర్ పెడితే అందులో పడాలి. రెండూ కాకపోతే ఏ పార్టు మార్చాలో వాళ్లకీ తెలీదు, మార్చమని మేమూ అనలేం. కస్టమర్ అబద్ధమాడుతున్నాడని కాదు. చూడనిదానికి మందు వెయ్యలేం, అంతే.

కొన్ని మామూలు కారణాలు రాస్తాను, ఏమీ అనుకోకు. క్లచ్ తొందరగా వదిలినా బండి ఆగుతుంది. కొత్తగా నేర్చుకున్నవాళ్లకి ఇది సహజం. ఎప్పుడూ ఒకే బంకులో పెట్రోల్ పోయిస్తున్నావా? తాళానికి బరువైన గుత్తి ఏమైనా తగిలించావా? ఇవి చూసుకుని ఇంకోసారి తీసుకెళ్లు.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


జూన్ 14

చిన్నోడా,

నీ ఉత్తరం చదివాను. అది తమ్ముడు రాసినట్టు లేదు, కౌంటర్ అవతల మనిషి రాసినట్టుంది. నా తాళానికి గుత్తి లేదు. నా పెట్రోల్ బంకు మంచిదే. నా క్లచ్ గురించి నువ్వు నాకు చెప్పకు. నీకు సైకిల్ నేర్పింది ఎవరో ఒకసారి గుర్తుచేసుకో.

నువ్వు చెప్పావని మళ్లీ వెళ్లాను. రోజంతా ఉంచుకున్నారు. నేను బస్సులో షాపుకి పోయి, బస్సులో తిరిగి వెళ్లాను. నవ్వులాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఎంత బుద్ధిగా నడిచిందిరా ఆ బండి! "ఇప్పుడు మీరు నడపండి" అన్నాడు. నా చేతిలోనూ అలాగే నడిచింది. దాని మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. నలుగురిలో నన్ను అబద్ధాలకోరుని చేసింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. కాగితం మీద మళ్లీ అదే రాశాడు.

మర్నాడు మీ బావని ఎక్కించుకుని బయల్దేరాను. బడి ముందు పిల్లలు రోడ్డు దాటుతున్నారు. నెమ్మదిగా వెళ్తున్నాను కాబట్టి సరిపోయింది. వాళ్లకి కాస్త ఇవతలే ఆగింది. ఆగమని నేను చెప్పలేదు. దానంతట అదే ఆగింది. వెనక హారన్లు మోత. పిల్లల్ని దాటించే ఆవిడ నా వైపు చూసిన చూపు ఉందే, అది నేను మర్చిపోలేను.

మీ బావ ఇదివరకు బండెక్కితే దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూ ఉండేవారు. ఇప్పుడు నోరు విప్పడం లేదు. తలుపు మీది పిడి పట్టుకుని కూర్చుంటున్నారు. వేళ్లు తెల్లబడిపోవడం అద్దంలో నాకు కనబడుతోంది. నా డ్రైవింగ్‌కే భయపడుతున్నారు కాబోలు. అడగడానికి నాకు నోరు రావడం లేదు.

ఈసారి కారణాల జాబితా పంపకు. ఏదైనా చెయ్యి.

అక్క


జూన్ 18

అక్కా,

క్షమించు. ఆఫీసులో రాశాను కదా, ఆఫీసు భాషే వచ్చింది. నీ మరదలు కూడా చదివి చీవాట్లు పెట్టింది.

నువ్వు చెయ్యమన్నావు, చేశాను. నిన్న మీ ఊరి బ్రాంచికి ఫోన్ చేశాను. నీ నవ్వులాయనతోనే మాట్లాడాను. నిజంగా మర్యాదస్తుడు. నువ్వు మా అక్కవని చెప్పగానే, "అయ్యో, ముందే చెప్పకూడదా సార్" అన్నాడు. అంతా వివరంగా చెప్పాను. ఇక నీకు అక్కడ రాచమర్యాదలే, చూస్తూ ఉండు.

ధైర్యంగా వెళ్లు. వెళ్లొచ్చి రాయి.

నీ తమ్ముడు


జూన్ 25

తమ్ముడికి,

రాచమర్యాద జరిగింది.

వెళ్లగానే నవ్వులాయన లేచి నిలబడ్డాడు. కాఫీ తెప్పించాడు. పక్కన ఇంకో ముగ్గురు కస్టమర్లు కూర్చుని ఉండగా, "మీ తమ్ముడుగారు అన్నీ చెప్పారు మేడమ్. ఈ మధ్యే నేర్చుకున్నారట కదా. ఇంట్లో పేషెంటు, మనసు బాగుండదు, కంగారు పడతారు, సహజమే" అన్నాడు. సొరుగులోంచి డ్రైవింగ్ స్కూల్ కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. తన పేరు చెబితే బాగా చూసుకుంటారట. పక్కనున్న ఒకాయన జాలిగా తలూపాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కాఫీ తాగకుండా వచ్చేశాను.

నువ్వేరా! ఊళ్లో ఇంకెవరైనా అని ఉంటే పడి ఉండేదాన్ని. నా తోడబుట్టినవాడు ఫోన్ చేసి మరీ ఆ మాట అన్నాడు. ఇక ఆ కౌంటర్ దగ్గర నా మాటకి విలువేముంది?

అసలు సంగతి విను. నిన్న ఫిజియోథెరపీ నుంచి వస్తూ వంతెన దిగుతున్నాం. ఆగిపోయింది. వెనక లారీ. నాలుగు లైట్లూ వేసి, గేరు తీసేసి, పల్లానికి జారుతున్న బండిని ఎలా పక్కకి తెచ్చానో నాకే తెలీదు. లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయినంత పని చేసింది. ఆ డ్రైవరు తిట్టిన తిట్లు నీకు రాయను. వెనక నుంచి మీ బావ నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా, "ఇక వద్దు. నన్నెక్కడికీ తీసుకెళ్లకు" అన్నారు.

ఇవాళ ఫిజియోథెరపీ ఉన్న రోజు. వెళ్లలేదు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. కాలు బిగుసుకుంటే బిగుసుకోనీ అట. నేను నడిపే బండిలో చచ్చేకంటే మంచం మీద బతకడం నయమనుకున్నట్టున్నారు. అనలేదు. అనకపోయినా నాకు అర్థమవుతుంది.

బండి అమ్మేస్తాను. నువ్వు ఫోన్ చెయ్యకు, ఎత్తను.

అక్క


జూన్ 29

అక్కా,

నిజంగానే ఎత్తడం లేదు. నీ సంగతి తెలిసీ పదేపదే చేస్తున్నాను.

నేను అతనితో అన్న మాట యథాతథంగా రాస్తున్నాను. "మా అక్క ఈ మధ్యే డ్రైవింగ్ నేర్చుకుంది, బావని పెట్టుకుని ఒంటిచేత్తో అన్నీ లాక్కొస్తోంది, కాస్త ఓపిగ్గా వినండి." ఇంతే. గొప్పగా చెప్పాననే అనుకున్నానే! కంగారు అన్న మాట నాది కాదు, అతను అల్లుకున్నది. కానీ అల్లుకోవడానికి దారం ఇచ్చింది నేనే. అది కాదనను. మళ్లీ అతనికి ఫోన్ చేసి గట్టిగా అడిగాను. "నేను మేడమ్ మంచికే చెప్పాను సార్" అన్నాడు. అలాంటివాడితో దెబ్బలాడటం గోడతో దెబ్బలాడటమే.

బావ ఆ మాట ఎందుకన్నారో నాకు తెలీదు. కానీ నువ్వు అనుకున్నదే ఆయన అనుకున్నారని అనుకోకు.

వంతెన మీద నువ్వు చేసిన పని గురించి రెండుసార్లు చదివాను. క్లచ్ వదలడం రానివాళ్లు చేసే పని కాదక్కా అది. బండిలో లోపం ఉంది. నేను నమ్ముతున్నాను. మొదటి ఉత్తరానికే ఈ ముక్క రాయాల్సింది.

నాకు ఒక్క సాయం చెయ్యి. ఆగిన ప్రతిసారీ బండిలో ఎవరున్నారు, ఎక్కడ కూర్చున్నారు, ఏ సామాను ఉంది, అంతా రాయి. కోపంతోనే రాయి, తిడుతూనే రాయి, కానీ రాయకుండా ఉండకు. గడువు దగ్గరపడుతోంది.

చిన్నోడు


జూలై 4

చిన్నోడా,

రాయకూడదనే అనుకున్నాను. షాపులో ఒక పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఇన్నాళ్లూ మా ఆవిడ ముఖం సరిగా చూడనేలేదమ్మా" అని నవ్వాడు. ఎందుకో నాకు ఏడుపొచ్చింది. అందుకే రాస్తున్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది. నేనొక్కదాన్నే ఉంటే ఆ బండి ఒక్కసారి కూడా ఆగలేదు. షాపుకి వచ్చేటప్పుడు ఆగలేదు, మార్కెట్‌కి ఒంటరిగా వెళ్తే ఆగలేదు. ఆగినవన్నీ ఆయన వెనక ఉన్నప్పుడే. నవ్వులాయనకి ఇది చెప్పలేదు, నీకూ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? కంగారు మనిషి, మొగుడు వెనక కూర్చుంటే చేతులాడవు అంటారు. నిజమేనేమో కూడా. ఆయన ఎక్కగానే నా అరచేతులు తడిసిపోతాయి. నాకు తెలీకుండా నేనే ఏదో చేస్తున్నానేమోనని, ఒంటరిగా ఉన్నప్పుడు నా కాళ్లని నేనే చూసుకుంటూ నడిపాను. ఇంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

ఎక్కడ కూర్చుంటారంటావా, ఆయన ముందు సీట్లో కూర్చోలేరు, కాలు ముడవకూడదు. వెనక నా సీటు వైపు తలుపుకి వీపు ఆనించి, కాలు సీటు పొడుగునా చాపుకుంటారు. వీపుకి దిండు, కాలి కింద చెక్క పలక, కింద ఆయన మూత్రం సీసా. సర్వీసుకి ఇచ్చే ముందు అవన్నీ తీసి, ఇంట్లో పెట్టి, సీటు తుడిచి ఇస్తాను. ఆయన కష్టం పరాయివాళ్ల ముందు పరిచి పెట్టనా? అమ్మ బతికుంటే అదే చేసేది.

ఆయన ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నారు. నిన్న మడమ పట్టుకుని కదపబోతే నొప్పితో నా చెయ్యి తోసేశారు. నాకు భయంగా ఉందిరా.

అక్క


జూలై 7

అక్కా,

కొరియర్లో పంపుతున్నాను. చదవగానే లేచి పని మొదలుపెట్టు.

నువ్వు ఏమీ చెయ్యడం లేదు. నీ చేతులూ కాళ్లూ బంగారం. వాళ్లు చూసిన బండిలో బావ లేరు, అంతే! నువ్వు తుడిచి ఇచ్చిన ఖాళీ బండిని వాళ్లు నడిపారు. ఇక లోపం ఎలా కనబడుతుంది!

ఆ వెనక సీటు కింద, సరిగ్గా బావ కూర్చునే వైపు, ఇంజనుకి పెట్రోల్ అందించే పంపుకి వెళ్లే కరెంటు వైరు ఉంటుంది. మామూలుగా మనుషులు కూర్చుంటే బరువు సీటంతా పరుచుకుంటుంది. బావ తలుపుకి ఆనుకుని, బరువంతా ఆ మూల మీదే వేస్తున్నారు. వైరు బిగించినప్పుడు దాని చోటులో పెట్టకపోయి ఉంటే, ఆయన కదిలినప్పుడల్లా సీటు కింది ఇనుము దాన్ని నొక్కుతుంది. పంపు ఆగుతుంది, ఇంజను ఆగుతుంది. ఆయన సర్దుకుంటే మళ్లీ వస్తుంది. ఇది నా ఊహే, ఒట్టు పెట్టి చెప్పలేను. కానీ ఈ డెస్కులో ఇన్నేళ్లు కూర్చుని, బండిలో ఎవరు కూర్చున్నారని నేను ఒక్క కస్టమర్‌ని అడగలేదు.

బావని ఎలాగైనా బయల్దేరదియ్యి. ఆయన మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోబెట్టు. నెమ్మదిగా, రద్దీ లేని దారిలో వెళ్లు. అక్కడికెళ్లాక నువ్వు స్టీరింగు ముట్టుకోకు, నవ్వులాయన్నే నడపమను. గడువు దాటకముందే వాళ్ల కళ్లతో వాళ్లు చూడాలి.

ఇంకొకటి. ఈ ఒక్కసారికి బండి తుడవకు. దిండూ, పలకా, సీసా ఏదీ తియ్యకు. అమ్మ మీద ఒట్టు, తుడవకు.

చిన్నోడు


జూలై 13

ఒరే చిన్నోడా,

కూర్చుని తాపీగా చదువు.

నీ ఉత్తరం తీసుకుని ఇంటికెళ్లాను. ఈసారి దాచలేదు, మీ బావకి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. నా చేతులు బంగారం అన్న చోట గొంతు కాస్త పెంచి చదివాను. ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగారు. తర్వాత, "నా చొక్కా ఇలా ఇవ్వు" అన్నారు.

తుడవకుండా తీసుకెళ్లడం ఎంత కష్టమైందో నీకు చెప్పినా అర్థం కాదు. దారిలో ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు వెనక్కి చెయ్యి చాపి సీటు మీద దుమ్ము దులపబోయాను. మీ బావ నా చెయ్యి పట్టుకుని, "ఒట్టు" అన్నారు.

నవ్వులాయన బయటికొచ్చాడు. వెనక తలుపు తీసి దిండూ సీసా చూశాడు. నవ్వు కొంచెం తగ్గింది. మా ఆయన ఉండగానే నడపాలన్నాను. "పేషెంటు సార్‌ని ఎందుకు శ్రమపెట్టడం మేడమ్" అన్నాడు. "ఆ శ్రమ నేను పడతాను, మీరు కూర్చోండి" అన్నారు మీ బావ. ఆవరణలో తిప్పితే చాలన్నాను. నవ్వులాయన వినలేదు. ఇదివరకు తిప్పిన దారే తిప్పి చూపిస్తానని రోడ్డెక్కించాడు. మెత్తగా మాట్లాడుతూ, ఒంటిచేత్తో నడుపుతున్నాడు. నేను పక్కన కూర్చుని, ఆగకపోతే నా బతుకేమిటా అని వణికిపోతున్నాను. ఆగకూడదని మొక్కుకున్న నోటితోనే, ఆగాలని మొక్కుకున్నాను.

పెద్ద కూడలిలో మలుపు తిరుగుతుండగా మీ బావ కాలు సర్దుకున్నారు. చప్పుడు పోయింది.

వెనక బస్సు. నవ్వులాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. బ్రేకు తొక్కుతున్నాడు, తాళం తిప్పుతున్నాడు, మళ్లీ తొక్కుతున్నాడు. బస్సు హారన్ మోగుతూనే ఉంది. అప్పుడు వెనక నుంచి మీ బావ గొంతు, ఇంట్లో కూర్చుని పేపర్ చదువుతున్నంత నింపాదిగా వినబడింది.

"కంగారు పడకండి సార్. ముందు నాలుగు లైట్లూ వెయ్యండి. గేరు తీసెయ్యండి. బ్రేకు వదిలి ఎడమ పక్కకి పోనివ్వండి. మా ఆవిడైతే ఈపాటికి పక్కకి తెచ్చేసేది."

పక్కకి తెచ్చాడు. దిగి, చాలాసేపు బండి పట్టుకుని నిలబడ్డాడు. నా వైపు చూసి, "సారీ మేడమ్" అన్నాడు. అప్పుడు నవ్వలేదు. నాకు మొదటిసారి ఆయన మనిషిలా కనిపించాడు. నాకు సంతోషంగానూ ఉంది, ఆయన్ని చూస్తే అయ్యో అనీ ఉంది. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు కదా.

సీటు ఊడదీశారు. నువ్వన్నట్టే వైరు ఇనుము కింద నలిగి, పై తొడుగు చీలిపోయి ఉంది. ఫ్యాక్టరీలో క్లిప్పు పెట్టడం మర్చిపోయారట. నవ్వులాయన తానే దగ్గరుండి కొత్త వైరు వేయించి, క్లిప్పులు బిగించి, మళ్లీ మీ బావని కూర్చోబెట్టి, అటూ ఇటూ కదలమని, ఊరంతా తిప్పాడు. ఆగలేదు. వారంటీలోనే చేశారు. డ్రైవింగ్ స్కూల్ కార్డు ఆయన బల్ల మీద పెట్టేసి వచ్చాను.

తిరిగొస్తుంటే అద్దంలో చూస్తూ అడిగాను, నా డ్రైవింగ్‌కి భయపడే రానన్నారా అని. మీ బావ కిటికీలోంచి చూస్తూ, "నేనెక్కితేనే ఆగుతోందని నేనూ కనిపెట్టాను. నా బరువు మొయ్యలేక నీకు చేతులాడటం లేదేమో అనుకున్నాను. నేను ఎక్కడం మానేస్తే నువ్వన్నా క్షేమంగా ఉంటావని" అన్నారు.

చూశావా! ఆయన గోడ వైపు తిరిగింది అందుకటరా. ఒక ఇంట్లో ఉండి, ఇద్దరం ఒకటే సంగతి పట్టుకుని, ఒకరికి తెలీకుండా ఒకరం దాచుకున్నాం. నాకు కళ్లు కనబడలేదు. రోడ్డు పక్కకి తీసి బండి ఆపేశాను. ఈసారి ఆపింది నేనే. చాలాసేపు ఏడ్చాను. ఆయన వెనక నుంచి నా జడ పట్టుకుని కూర్చున్నారు.

ఇవాళ ఫిజియోథెరపీకి వెళ్లొచ్చాం. మానేసినన్ని రోజులకీ డాక్టరు బాగా చీవాట్లు పెట్టింది. కాలు కొంచెం బిగిసింది గానీ చెయ్యి దాటిపోలేదంది. కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు. వచ్చేటప్పుడు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు. హారన్ ఎక్కువ కొడుతున్నానట.

నీ మీద కోపం పోయింది. పూర్తిగా పోలేదు, నువ్వొచ్చి ముఖం చూపిస్తే పోతుంది. పన్ను ఊడిన పిల్లనీ మరదల్నీ తీసుకుని రా. స్టేషన్‌కి నేనే వస్తాను, బండి నేనే నడుపుతాను. నీ కోసం ప్రత్యేకంగా తుడిచి మాత్రం పెట్టను. దిండూ, పలకా, సీసా అన్నీ వెనక సీట్లోనే ఉంటాయి. పక్కకి జరుపుకుని కూర్చో.

నీ అక్క